ఎం440ఐ, సీఎల్ఈ 450: రెండు కూపేలనూ చాలాకాలం నడిపాక

ముందు ఇంజిన్ల సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే ఈ రెండు కూపేల, అంటే రెండు తలుపుల కార్ల మధ్య అసలు తేడా అక్కడ లేదు. బీఎండబ్ల్యూ ఎం440ఐలోనూ, మెర్సిడెస్ బెంజ్ సీఎల్ఈ 450లోనూ ఉన్నది ఆరు సిలిండర్లు ఒకే వరసలో ఉండే 3.0 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజినే. రెండిటికీ 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్ సాయం, అంటే ఇంజిన్‌కు తోడుగా చిన్న ఎలక్ట్రిక్ మోటారు ఉంది. యూరప్ లెక్కల్లో మొదటిది 374 హార్స్‌పవర్, రెండోది 381. టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, రెండిట్లోనూ 500 న్యూటన్ మీటర్లే. ఆగి ఉన్న చోటి నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి మొదటిదానికి 4.5 సెకన్లు పడితే రెండోదానికి 4.4. ఈ అంకెలు చూసి ఏది కొనాలో నిర్ణయించుకోవడం కుదరని పని.

నేను ఎం440ఐ కొన్నాను. ఆ తర్వాత కొన్నాళ్లకే మా అన్నయ్య సీఎల్ఈ కొన్నాడు. రెండూ ఫోర్ వీల్ డ్రైవ్ మోడళ్లే. దూర ప్రయాణం ఉన్నప్పుడల్లా తాళాలు మార్చుకోవడం మాకు అలవాటైపోయింది. కాబట్టి ఇక్కడ రాస్తున్నది టెస్ట్ డ్రైవ్ ముచ్చట కాదు, వానలో, ట్రాఫిక్‌లో, అర్ధరాత్రి హైవే మీద రెండిటితోనూ గడిపాక తెలిసినది.

స్టీరింగ్ పట్టుకున్న కాసేపటికే తేడా తెలిసిపోతుంది. ఎం440ఐ ముందు భాగం చెప్పిన మాట వెంటనే వింటుంది. కొండదారిలో వరసగా మలుపులు వస్తుంటే ఒక మలుపులోంచి బయటపడుతూనే కారు తర్వాతి మలుపుకు సిద్ధమైపోతుంది. దీనికి ఒక కారణం వెనక ఇరుసు మీద ఉన్న ఎం స్పోర్ట్ డిఫరెన్షియల్, అంటే రెండు వెనక చక్రాలకూ బలం పంచే భాగం. మలుపులో యాక్సిలరేటర్ నొక్కినప్పుడు లోపలి చక్రం ఊరికే జారిపోకుండా, పట్టు దొరికే బయటి చక్రానికి ఎక్కువ టార్క్ పంపుతుంది. ఫలితంగా కారు మలుపు బయటకు తోసుకుపోకుండా లోపలికి తిరుగుతుంది. ఇంకో కారణం బరువు. సీఎల్ఈ దీనికంటే వంద కిలోలకు పైగా ఎక్కువ. కాగితం మీద అది పెద్దగా అనిపించదు కానీ, గట్టిగా బ్రేకు వేసి వెంటనే స్టీరింగ్ తిప్పినప్పుడు ఆ బరువు చేతులకు తెలుస్తుంది.

అలాగని సీఎల్ఈ మలుపుల్లో తడబడే కారు కాదు. అన్నయ్య కారుకు వెనక చక్రాలు కూడా తిరిగే రియర్ యాక్సిల్ స్టీరింగ్ ఆప్షన్ ఉంది. గంటకు 60 కిలోమీటర్ల లోపు వేగంలో అవి ముందు చక్రాలకు ఎదురు దిశలో 2.5 డిగ్రీల దాకా తిరుగుతాయి. వినడానికి చాలా తక్కువ. ఇరుకు సందులో యూటర్న్ చేసి చూడండి, దాని విలువ అప్పుడు అర్థమవుతుంది. నా కారుతో ఒకసారి వెనక్కి వచ్చి మళ్లీ తిప్పాల్సిన చోట, అంతకంటే పొడవైన ఆ కారు ఒక్క ఊపులో తిరిగిపోతుంది. సీఎల్ఈ కొనాలనుకుంటే ఈ ఆప్షన్ మాత్రం వదులుకోవద్దు.

హైవే ఎక్కాక మెర్సిడెస్‌దే పైచేయి. గాలి చప్పుడు, టైర్ల హోరు రెండూ తక్కువ. ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్యలో అమర్చిన స్టార్టర్ జనరేటర్ వల్ల సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజిన్ మళ్లీ స్టార్ట్ అయిందని మీటర్ చూస్తే గానీ తెలియదు. నా కారులో అది చిన్న కదలికగా తెలుస్తుంది. నాలుగైదు గంటలు నడిపి దిగినప్పుడు అన్నయ్య కారులో భుజాలు బిగుసుకోవు. "నీ కారు ఎక్కితే ఊరికే తొందర పుడుతుందిరా" అంటాడు వాడు. నాకు మాత్రం ఆ తొందరే ఇష్టం. పని లేకపోయినా ఆదివారం పొద్దున్నే కారు తీసే రకం మనిషిని నేను. నడపడమే ఆనందం అనుకునేవాళ్లు ఎం440ఐ కొనుక్కోవాలి, అందులో నాకు సందేహం లేదు. పక్క సీట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చునే ఇంటికి సీఎల్ఈ సరైనది.

ఇక కూపే కొనేవాళ్లెవరూ ముందుగా అడగని విషయం, తలుపు. రెండు తలుపుల కారులో ఆ తలుపు చాలా పొడుగ్గా ఉంటుంది. పార్కింగ్‌లో పక్క కారు దగ్గరగా ఉంటే తలుపు సగమే తెరుచుకుంటుంది, ఆ సందులోంచే ఒళ్లు వంచి బయటికి రావాలి. సీటు బెల్టు కూడా భుజానికి బాగా వెనక ఉంటుంది, కొన్ని కూపేల్లో రోజూ వెనక్కి తిరిగి అందుకోవాలి. మెడనొప్పి ఉన్నవాళ్లు షోరూమ్‌లో సీటు మీద కూర్చుని, తలుపు వేసుకుని, బెల్టు తీసి పెట్టుకోవడం ఓ నాలుగుసార్లు చేసి చూడాలి.

ఈ రెండు కార్ల తలుపులకూ అద్దం చుట్టూ ఫ్రేమ్ ఉండదు. హ్యాండిల్ లాగగానే అద్దం ముందు వేలెడు మందం కిందికి దిగుతుంది, ఆ తర్వాతే తలుపు తెరుచుకుంటుంది. మూయగానే మళ్లీ పైకి లేచి రబ్బరు అంచులో కూర్చుంటుంది. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో, చూసుకోవడం కూడా అంతే అవసరం. వాన వెలిసిన వెంటనే తలుపు తెరిస్తే పైకప్పు అంచున నిలిచిన నీళ్లు సీటు పక్కన పడతాయి. ఆ రబ్బరు మీద దుమ్ము పేరుకుంటే అద్దం లేచేటప్పుడు కీచుమంటుంది. నేను తడిగుడ్డతో తుడిచి, రబ్బరుకు వాడే సిలికాన్ పలచగా రాస్తుంటాను, చప్పుడు పోతుంది. ఒక్క జాగ్రత్త: బ్యాటరీ బాగా దిగిపోయినప్పుడు అద్దం కిందికి దిగదు. అప్పుడు తలుపు బలవంతంగా లాగితే అద్దం రబ్బరును చీల్చుకుంటూ వస్తుంది. కారు ఎక్కువ రోజులు కదలకుండా ఉంటుందంటే బ్యాటరీ ఛార్జర్ పెట్టి వెళ్లడం మంచిది.

వెనక సీట్లు రెండిట్లోనూ ఇద్దరికే. వెనక అద్దాలు దిగవు. పొడవు చూస్తే సీఎల్ఈ 4,850 మిల్లీమీటర్లు, నా కారు 4,768. కానీ ఎనిమిది సెంటీమీటర్ల పైచిలుకు పొడవు పెరిగినా ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరంలో పెరిగింది 14 మిల్లీమీటర్లే. మిగతాదంతా ముందూ వెనకా అందానికే పోయింది. డిక్కీ అయితే సీఎల్ఈలోనే చిన్నది, 420 లీటర్లు. ఎం440ఐలో 440. బయటి కొలత చూసి లోపలి చోటు అంచనా వేయకూడదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. మా అమ్మ మాత్రం అన్నయ్య కారులోనే వెనక కూర్చోవడానికి ఒప్పుకుంటుంది, అక్కడ సీటు మెత్తన, కుదుపు తక్కువ. ఎక్కడం దిగడం రెండిట్లోనూ కష్టమే. ముందు సీటు ముందుకు జరిగేదాకా వానలో నిలబడి చూడండి, పెద్దవాళ్లను రోజూ వెనక కూర్చోబెట్టాల్సిన ఇంటికి కూపే సరిపోదని మీకే తెలుస్తుంది.

లోపల స్క్రీన్ల గురించి ఎక్కువ చెప్పను. మెర్సిడెస్‌లో 11.9 అంగుళాల నిలువు స్క్రీన్, ఏసీ మీటలు దాని అడుగున ఎప్పుడూ కనిపిస్తూ ఉంటాయి. బీఎండబ్ల్యూలో 14.9 అంగుళాల అడ్డం స్క్రీన్, ఏసీ సెట్టింగులు చాలావరకు దానిలోకే వెళ్లిపోయాయి. అది నాకు నచ్చదు. కానీ గేర్ పక్కన తిప్పే గుండ్రటి ఐడ్రైవ్ నాబ్ ఇంకా ఉంది. రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పకుండా దానితో మెనూలన్నీ దాటొచ్చు. సీఎల్ఈ స్టీరింగ్ మీద నొక్కే బటన్లకు బదులు వేలితో రాసే టచ్ ప్యాడ్లు ఉంటాయి. వేలు తడిగా ఉంటే వాల్యూమ్ మన చెప్పుచేతల్లో ఉండదు. ఈ విషయంలో నా ఓటు నా కారుకే.

బీఎండబ్ల్యూ ముందున్న ఆ నిలువు గ్రిల్ గురించి 2020లో కారు వచ్చినప్పటి నుంచీ వాదనలు నడుస్తూనే ఉన్నాయి. నడిపేవాడికి అది కనిపించదు. అంతే.

టెస్ట్ డ్రైవ్‌కు వెళ్తే రెండు కార్లనూ ఒకే రోజు, మీరు రోజూ తిరిగే దారిలోనే నడపండి. షోరూమ్ వాళ్లు మంచి రోడ్డు చూసి అటే తీసుకెళ్తారు. మీ ఇంటి గేటు ర్యాంపు మీద ముందు బంపర్ కింద తగులుతుందేమో, మీ పార్కింగ్‌లో తలుపు ఎంత తెరుచుకుంటుందో చూడాల్సింది మీరే. సస్పెన్షన్‌లో అడాప్టివ్ ఆప్షన్, అంటే గట్టిదనం మార్చుకోగలిగేది, ఉంటే తీసుకోండి. నా కారు కంఫర్ట్ మోడ్‌లో పెట్టకపోతే గతుకుల రోడ్డు మీద ఇంట్లోవాళ్లు సణుగుతారు.

చివరిది, అన్నిటికంటే ఎక్కువ డబ్బు తినేది, టైర్లు. ఈ కార్లలో ముందు టైర్లు, వెనక టైర్లు ఒకే సైజు కావు. నా 19 అంగుళాల సెట్‌లో ముందు 225/40, వెనక 255/35 (మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో చెప్పేది). అందువల్ల మామూలు కార్లలో చేసినట్టు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి సమానంగా అరగదీయడం కుదరదు. వెనకవి త్వరగా అయిపోతాయి, కొంటే జతగా కొనాల్సిందే. స్పేర్ చక్రం రెండిట్లోనూ లేదు. నాకు రన్‌ఫ్లాట్ టైర్లు వచ్చాయి, పంక్చర్ అయినా నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్లొచ్చు, కానీ వాటి గోడలు గట్టివి కాబట్టి ప్రతి గతుకూ లోపలికి చేరుతుంది. అన్నయ్య చూడ్డానికి బాగుంటాయని 20 అంగుళాల చక్రాలు ఎంచుకున్నాడు. వెనక టైరు 275/30 అంటే రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ఉన్న రబ్బరు గోడ 82 మిల్లీమీటర్లు. అదే 19 అంగుళాల్లో 275/35, అంటే 96 మిల్లీమీటర్లు. గుంతలో పడి ఒక రిమ్ము అంచు వంగాక 19 అంగుళాలకు మారాడు. ఆ కారు అంత మెత్తగా పోతుందని నాకు తెలిసింది ఆ తర్వాతే. సీఎల్ఈ కొంటే మొదటిరోజే 19 అంగుళాలు అడగండి.