గూడ్సు బండి నంబరు చదవడానికి కొన్న బైనాక్యులర్లు: పది నెలల వాడకం తరువాత

బైనాక్యులర్లు కొనేవారిలో ఎక్కువమంది పిట్టల కోసమో క్రికెట్ కోసమో కొంటారు కాబట్టి, వాటి గురించి వచ్చే సమీక్షలన్నీ ఈకల రంగు ఎంత నిజంగా కనిపిస్తుందన్న దాని చుట్టూనే తిరుగుతాయి. నా అవసరం వేరు. మిర్యాలగూడ నుంచి విష్ణుపురం వైపు వెళ్లే మార్గంలో రోడ్డు పక్కన నిలబడి, సిమెంటు దుమ్ము పట్టిన వ్యాగన్ గోడ మీది తెల్ల అంకెలను చదవగలిగితే నాకు చాలు. అందుకోసం నాలుగు వేల రూపాయల లోపు ధరలో 8×42 కొలత గల (ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపే, ముందు అద్దం 42 మిల్లీమీటర్ల వెడల్పున్న) ఒక జతను కొని, పది నెలలుగా వాడుతున్నాను. పట్టాల దగ్గరికే వెళ్లి చదువుకోవచ్చు కదా అని ఇంట్లోవాళ్లు అడిగారు. అనుమతి లేకుండా రైల్వే స్థలంలో అడుగుపెట్టడం 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం నేరం. పైగా ప్రాణం మీదికి తెచ్చుకునే పని. దూరం నుంచే చూడాలి కాబట్టే ఈ ఖర్చు.

గూడ్సు బండ్ల మీద ఆసక్తి ఉన్న కుర్రవాళ్లు రైల్వే గేటు దగ్గర నన్ను మొట్టమొదట అడిగేది వ్యాగన్ మీది ఆ పదకొండు అంకెల నంబరు గురించే. మొన్న లూపు లైనులో, అంటే వేరే బండికి దారి ఇవ్వడానికి తప్పుకుని నిలబడే పక్క పట్టాల మీద, ఆగిన ఒక మూత వ్యాగన్ మీద 33071241867 అని స్పష్టంగా చదవగలిగాను. మొదటి రెండంకెలు వ్యాగన్ రకాన్ని చెబుతాయి: 10 నుంచి 29 వరకు పైకప్పు లేనివి, 30 నుంచి 39 వరకు మూత వ్యాగన్లు, 40 నుంచి 54 వరకు ట్యాంకులు. తరువాతి 07 ఆగ్నేయ రైల్వేకు చెందినదని, 12 అంటే 2012లో తయారైందని, ఆపై నాలుగంకెలు దాని సొంత సంఖ్య అని అర్థం. చివరి అంకె మిగిలిన పదింటికీ కాపలాదారు. సరిస్థానాల్లోని అంకెలను కూడి మూడుతో హెచ్చవేస్తే 57, బేసిస్థానాల్లోవి కూడితే 16, రెండూ కలిపి 73. దాన్ని పక్క పదికి, అంటే 80కి, చేర్చడానికి కావలసినది 7. మసకలో 1ని 7గా చదివినా, 3ని 8గా చదివినా ఈ లెక్క వెంటనే పట్టిస్తుంది. నా బైనాక్యులర్లకు నేను పెట్టుకున్న పరీక్ష కూడా ఇదే: లెక్క కుదిరితే అద్దం బాగా చూపించినట్టు, కుదరకపోతే మళ్లీ చూడాల్సిందే.

పది రెట్లు పెద్దది చేసే జత కొనమని దుకాణదారు గట్టిగానే చెప్పాడు గాని, వినకపోవడమే మంచిదైంది. పెంపు ఎక్కువైన కొద్దీ చేతి వణుకు కూడా అంతే పెరిగి కనిపిస్తుంది. ఎనిమిది రెట్ల దగ్గర మోచేతులు బైకు సీటు మీద ఆనిస్తే బొమ్మ నిలబడుతుంది. అయితే పరిగెత్తే బండి ముందు ఏ అద్దమైనా ఒకటే. వ్యాగన్ పొడవు సుమారు 11 మీటర్లు, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే గూడ్సులో ఒక్కో వ్యాగన్ కళ్ల ముందు నిలిచేది సెకను కంటే తక్కువే. నాలుగైదు వ్యాగన్లకు ఒక నంబరు దొరికితే నా దృష్టిలో అది మంచి రోజు. నిండిందా, ఖాళీదా అన్నది మాత్రం పరుగులో కూడా తెలుస్తుంది: నిండిన వ్యాగన్ కింద చక్రాల చట్రంలోని స్ప్రింగులు నొక్కుకుని కూర్చుంటాయి, ఖాళీ బండిలో అవి విచ్చుకుని ఉంటాయి. బీసీఎన్‌హెచ్‌ఎల్ రకం మూత వ్యాగన్ ఖాళీగా దాదాపు 21 టన్నులుంటే, నిండితే 91 టన్నులు దాటుతుంది. మిర్యాలగూడ బియ్యం, విష్ణుపురం వైపు సిమెంటు ఎక్కువగా మూత వ్యాగన్లలోనే వెళ్తాయి. దామరచర్ల మండలంలోని యాదాద్రి థర్మల్ కేంద్రానికి వచ్చే బొగ్గుకు కప్పు అక్కరలేదు.

కుర్రవాళ్ల రెండో ప్రశ్న, అంత పెద్ద బండి గంటల తరబడి ఎందుకు పడి ఉంటుందన్నది. దీనికి బైనాక్యులర్లు జవాబు చెప్పవు. గూడ్సుకు ప్యాసింజరు బండిలా జనానికి తెలిసిన టైంటేబుల్ ఉండదు, కంట్రోల్ ఆఫీసు దారి చూసి వదులుతుంది. ఒకే లైను ఉన్నచోట విశాఖ ఎక్స్‌ప్రెస్ లాంటిది వస్తుంటే గూడ్సు లూపులోకి తప్పుకుని నిలబడాలి, అందుకే బండి పొడవు కూడా లూపు పొడవును మించకూడదు. గుంటూరు-బీబీనగర్ మధ్య రెండో లైనుకు 2023లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అది పూర్తిగా వస్తే మా వీక్షణకు నష్టం, బియ్యానికి లాభం.

ఆగిన బండి కదలబోయే ముందు వినిపించే బుస్సుమనే శబ్దం గాలి బ్రేకులది. వ్యాగన్ల మధ్య వేలాడే రబ్బరు గొట్టాలు ఈ జతలో కప్లింగు బోల్టుతో సహా కనిపిస్తాయి. బ్రేకు గొట్టంలో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 5 కిలోల దాకా పెరిగితేనే బ్రేకులు విడుస్తాయి, పడిపోతే పట్టుకుంటాయి. కాబట్టి మధ్యలో గొట్టం ఊడితే బండి తనంతట తానే ఆగుతుంది. వెనక బ్రేకు వ్యాన్‌కు, అంటే గార్డు ఉండే చివరి పెట్టెకు, తగిలించిన "ఎల్‌వి" పలకను చదవడం నాకు మరీ ఇష్టం. చివరి వాహనం ఇదేనని ఆ పలక చెబుతుంది. స్టేషను వాళ్లు దాన్ని చూశాకే, బండి మధ్యలో తెగిపోకుండా మొత్తం వచ్చిందని నమ్మి, వెనక ఉన్న పట్టాల భాగం ఖాళీ అయినట్టు లెక్కిస్తారు. 2022 జనవరి నుంచి గార్డును ట్రైన్ మేనేజరు అంటున్నారు గాని, ఇక్కడ గేటు దగ్గర ఆయన ఇంకా గార్డుగారే.

ఇక లోపాలు. మూడో నెలలోనే కుడికన్ను సర్దే రింగు వదులై, ప్రతిసారీ తిప్పుకోవలసి వస్తోంది. అమ్మినవాళ్లు వారంటీ కాగితం మీద ముద్ర లేదని చేతులెత్తేశారు, ప్రస్తుతానికి ఇన్సులేషను టేపు చుట్టి నడిపిస్తున్నాను. వానలో లోపల ఆవిరి పట్టి గంటసేపు పనికిరాకుండా పోయింది. మెడ పట్టీ సన్ననిది, భుజం కోస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం పది గంటలు దాటితే కంకర మీది వేడిగాలి అలలుగా లేచి అంకెలను నీళ్లలో రాసినట్టు ఊపేస్తుంది. దానికి మాత్రం తయారీదారును తప్పు పట్టలేం, పొద్దున్నే వెళ్లడమే మార్గం. అయిదుకు మూడున్నర ఇస్తాను. ఇదే ధరలో మళ్లీ కొనవలసి వస్తే 8×42 కొలతనే ఎంచుకుంటాను గాని, లోపలికి ఆవిరి చేరనిదని రాతపూర్వకంగా ఉన్నదాన్ని, వారంటీ కాగితం మీద ముద్ర వేయించుకుని మరీ తెచ్చుకుంటాను.