విలియమ్స్‌బర్గా, ప్లిమతా?

అమెరికాలో వలసకాలపు దైనందిన జీవితాన్ని బడిపిల్లలకు చూపించాలంటే ఆ కాలాన్ని తిరిగి కళ్లకు కట్టే రెండు ఆరుబయలు మ్యూజియాలు ముందు గుర్తొస్తాయి: వర్జీనియాలోని కలోనియల్ విలియమ్స్‌బర్గ్, మసాచుసెట్స్‌లోని ప్లిమత్ పటక్సెట్.

స్వయంగా చేసి నేర్చుకోవడానికైతే నా ఓటు విలియమ్స్‌బర్గ్‌కే. వేసవిలో అక్కడి ఇటుకల ఆవరణలో పిల్లలు చెప్పులు విడిచి బంకమట్టి తొక్కుతారు. వేళ్ల సందుల్లోంచి బురద జారుతుంటే కేరింతలు కొడతారు. కాసేపటికి పిక్కలు లాగుతాయి. అప్పుడే అడగాలి, ఈ పని రోజంతా చేసింది ఎవరని. 1775లో ఆ ఊరి జనాభాలో సగానికి పైగా నల్లజాతివారే, వారిలో అత్యధికులు బానిసలు. ఆ సంగతి దాటవేస్తే మట్టి తొక్కడం వట్టి ఆటగానే మిగిలిపోతుంది.

ప్లిమత్‌ది 1620ల నాటి ఆంగ్లేయుల పల్లె. ఇక్కడ చేసేదానికన్నా అడిగి తెలుసుకునేదే ఎక్కువ. పల్లెలో పాత్రధారులు ఆ కాలపు మనుషుల్లాగే బదులిస్తారు. పక్కనున్న వాంపనోగ్ తెగ నివాసంలోని మూలవాసులు మాత్రం పాత్రలు పోషించరు. నేటి మనుషులుగానే తమ పూర్వీకుల గురించి చెబుతారు. ఈ తేడాను పిల్లలకు ముందే వివరించి తీసుకెళ్లాలి. ప్రశ్నలు వేయగల వయసు పిల్లలకు ప్లిమత్, చిన్నవాళ్లకు విలియమ్స్‌బర్గ్ నయం.