1996 నాటి టీవీ గేమ్ గన్: ఇన్ని క్రిస్మస్‌లు వాడాక

టీవీ గేమ్ పెట్టె గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. పసుపు రంగు క్యాసెట్, దాని మీద 9999 ఆటలని అచ్చు, పెట్టి చూస్తే అవే కొన్ని ఆటలు పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ రావడం. మారియో, కాంట్రా అందరూ ఆడినవే. నేను రాయాలనుకున్నది దాంతోపాటు వచ్చిన గన్ గురించి. అది నాకు ప్రాణం.

మాది ఒంగోలు నుంచి వచ్చి చెన్నై జాఫర్‌ఖాన్‌పేటలో స్థిరపడ్డ కుటుంబం. 1996 డిసెంబరులో నాన్న బర్మా బజార్‌లో ఈ పెట్టె కొన్నారు. తెచ్చిన రోజే షరతు పెట్టారు: పండక్కి మాత్రమే. ఏడాదంతా అటక మీదే ఉండేది. 24 రాత్రి మా తెలుగు చర్చి క్యారల్స్ వాళ్లు ఇంటికొచ్చి పాడి వెళ్లాకే కిందికి దిగేది. వాళ్లు వచ్చేసరికి ఒంటిగంట దాటేది. అమ్మ వాళ్లకు టీ, గులాబీ పువ్వుల పిండివంట ఇస్తుంటే నేనూ అక్కా అప్పటికే స్టూలు తెచ్చి అటక కింద నిలబడి ఉండేవాళ్లం. తెల్లవారుజామున 4 గంటలకు ఆరాధన కాబట్టి పడుకునే ప్రశ్నే లేదు. మధ్యలో మిగిలిన ఆ రెండు గంటలూ గన్‌తో బాతులను కొట్టే ‘డక్ హంట్’ ఆటే. రౌండుకు 10 బాతులు, ఒక్కో విడతకు 3 గుండ్లు. తప్పితే గడ్డిలోంచి కుక్క లేచి నవ్వుతుంది.

గన్ బూడిద రంగు ప్లాస్టిక్. ట్రిగ్గర్ గట్టిగా ఉండేది, నొక్కితే లోపల స్ప్రింగు ‘టక్’మనేది. ఆ చప్పుడు వంటింట్లో అరిసెలు వత్తుతున్న అమ్మకు కూడా వినిపించేది. గొట్టంలోకి చూస్తే వెనకాల శనగగింజంత అద్దం. అందులోంచి ఏదో బయటికొచ్చి బాతుకు తగులుతుందని చాలా ఏళ్లు నమ్మాను. నిజానికి అందులోంచి ఏమీ రాదు. అది చూస్తుంది, అంతే. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట మాత్రం తెల్లటి గడి వెలుగుతుంది. అద్దం వెనకున్న సెన్సర్‌కు ముందు చీకటి, ఆ వెంటనే వెలుగు కనిపిస్తే బాతు పడ్డట్టు. రెండు బాతులుంటే గడులు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి, ఏది తగిలిందో ఆటకు అలా తెలుస్తుంది. 1984లో నింటెండో వాళ్లు చేసిన ఆట ఇది. ఇప్పటికీ ఈ ఉపాయం తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. బల్బు వైపు గురిపెట్టి మోసం చేద్దామన్నా కుదరదు, చీకటి కూడా కనిపించాలి కదా.

ఇది ఎన్నడూ చెడిపోలేదని చాలామందికి చెప్పాను. ఇప్పుడు ఆ మాట కొంచెం సవరించుకోవాలి.

2015 డిసెంబరు మొదట్లో అడయార్ నది పొంగి మా వీధిలోకి నీళ్లొచ్చాయి. రెండు రాత్రులు మేడ మీద ఇంటివాళ్ల దగ్గరే ఉన్నాం. పెట్టె అటక మీదుంది కాబట్టి బతికింది. గన్ మాత్రం అంతకు ముందు నెలలో అక్క కొడుకు చేతికి దొరికి, టీవీ స్టాండు సొరుగులోకి చేరింది. నీళ్లు తీశాక సొరుగు తెరిస్తే గొట్టం నిండా బురద. పాత టీవీ అయితే పూర్తిగా పోయింది. ఆ క్రిస్మస్‌కు అమ్మ ఏ పిండివంటా చేయలేదు. చర్చిలో కూడా బట్టలు, బియ్యం పంచుకోవడంతోనే పండగ గడిచిపోయింది.

సంక్రాంతికి ఎల్‌సీడీ టీవీ కొన్నాం. 2016 క్రిస్మస్ రాత్రి ఆశగా గన్ తగిలించాను. టక్ మంటోంది, తెర మెరుస్తోంది, ఒక్క బాతూ పడటం లేదు. తెరకు ఆనించి పెట్టినా అంతే. గన్ పోయిందనుకున్నాను. దాన్ని గుడ్డలో చుట్టి పెట్టేశాను, పారేయడానికి మాత్రం మనసు రాలేదు. అలా రెండేళ్లు గడిచాయి.

2018లో ఏదో చార్జర్ కోసం రిచీ స్ట్రీట్‌కు వెళ్తూ గన్ను, పెట్టెను కూడా సంచిలో వేసుకెళ్లాను. ఒక సందులో మేడ మెట్ల కింద చిన్న రిపేరు బల్ల. అక్కడున్న పెద్దాయన కడప వైపు మనిషి, నా తెలుగు వినగానే ముఖం వికసించింది. స్క్రూలు విప్పి గన్ను రెండు చిప్పలుగా తెరిచారు. పిడి దగ్గర ఒక తీగ తుప్పుపట్టి సగం తెగి ఉంది. దానికి టంకం పెట్టారు. అద్దం వెనక ఎండిన బురదను స్పిరిట్‌లో ముంచిన దూదితో మెల్లగా తుడిచారు. తర్వాత అడిగారు, “ఇంట్లో ఏం టీవీ తమ్ముడూ?” చెప్పాను. “అయితే నేను బాగుచేసినా నీ ఇంట్లో బాతు పడదు” అన్నారు.

బల్ల కింద నుంచి 14 అంగుళాల పాత డబ్బా టీవీ ఒకటి లాగి పెట్టెకు కలిపారు. “నువ్వే కొట్టు” అని గన్ నా చేతికిచ్చారు. మొదటి గుండుకే బాతు పడింది. అంత రద్దీ సందులో నాకు కళ్లు చెమర్చాయి. ఆయనే విడమరిచి చెప్పారు. పాత టీవీ సిగ్నల్ ఎప్పుడొస్తే అప్పుడే గీత తర్వాత గీతగా తెరను వెలిగిస్తుంది. కొత్త టీవీ బొమ్మను లోపలికి తీసుకుని, సరిచేసుకుని, కాస్త ఆలస్యంగా చూపిస్తుంది. తెల్లటి గడి తెర మీదికొచ్చేసరికి ఆట చూడటం ముగించేసి ఉంటుంది. మామూలు సినిమాకు ఆ ఆలస్యం ఎవరికీ తెలియదు, గన్‌కు మాత్రం అదే ప్రాణాంతకం. ఆయన 150 రూపాయలు తీసుకున్నారు. ఇంకా ఇస్తానన్నా ఒప్పుకోలేదు.

ఆ వారమే పాత ఇనప సామాన్ల కొట్టులో 400 రూపాయలకు ఒక డబ్బా టీవీ దొరికింది. ఆ క్రిస్మస్ రాత్రి మళ్లీ బాతులు ఎగిరాయి.

ఆ రాత్రే ఇంకొకటి తెలిసింది. నా కూతురు గన్ పట్టుకుంటే అక్క పక్కన ఆట పెట్టె రిమోట్ (బటన్ల కంట్రోలర్) పట్టుకుని కూర్చుంది. “నువ్వెందుకు అక్కా రిమోట్ పట్టుకున్నావ్?” అంటే, “ఒక బాతు ఆటలో రిమోట్‌తో బాతును తిప్పొచ్చురా, నీకు తెలియదా? చిన్నప్పుడు నువ్వు ఏడవకూడదని కిందికి తెచ్చేదాన్ని” అంది. నాకు ఎనిమిదేళ్లప్పుడు వరసగా పది కొట్టానని ఎన్నిసార్లు చెప్పుకున్నానో. అందులో సగం అక్కవే. గన్ గురి గురించి ఇంతకాలం నేను చెప్పిన పొగడ్తలోనూ కొంత అక్క ఖాతాలో వేయాలి. నిజం చెప్పాలంటే ఆరడుగుల దూరం దాటితే ఇది తడబడుతుంది, తెరకు దగ్గరగా పెడితే ఎవరైనా కొట్టేస్తారు.

మరి కొనొచ్చా అంటే, నా సంగతి వేరు. మాకు ముందు గదిలో ఆ బరువు డబ్బా పెట్టుకునే చోటుంది, ఏడాదికి ఒక్క రాత్రి ఆడితే చాలు, విజయవాడ నుంచి అక్క పిల్లలు వస్తారు. రోజూ ఆడాలనుకునేవాళ్లకు, గోడకు పల్చటి టీవీ తప్ప ఇంకేం లేనివాళ్లకు ఇది పనికిరాదు. ఎక్కడైనా పాత గన్ కనబడితే మాత్రం ముందు డబ్బా టీవీ ఉన్న కొట్టుకు పట్టుకెళ్లి, ఒక్క బాతునైనా కొట్టి చూసుకోండి. కొట్టేటప్పుడు పక్కన రిమోట్ ఎవరి చేతిలోనూ లేకుండా చూసుకోండి.