కోనసీమ తేమలో 315 బోర్ రైఫిల్: ఇన్నేళ్ళ వాడకం తర్వాత నా మాట

పాత రైఫిల్ కొనేవాళ్ళు, తాతల నాటిది తమ పేరు మీదికి మార్పించుకునేవాళ్ళు ముందుగా చెక్కపని, నగిషీ చూస్తారు. నేనైతే మొదట తోటా (కార్ట్రిడ్జ్) సంగతి అడగమంటాను. తోటా దొరకని రైఫిల్‌కి లైసెన్స్ ఫీజు కట్టడం, ఎన్నికలొచ్చిన ప్రతిసారీ స్టేషన్‌లో డిపాజిట్ చేయడం మాత్రమే మిగులుతాయి.

మా నాన్నగారి నుంచి నాకు వచ్చింది బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ 315 స్పోర్టింగ్ రైఫిల్. 315 అంటే బోర్, గొట్టం లోపలి కొలత. సైన్యపు 303 రైఫిల్‌లో ఉండే లీ ఎన్‌ఫీల్డ్ బోల్టు (తోటాను గొట్టంలోకి తోసి మూసే భాగం), ఐదు తోటాల మ్యాగజైన్. దీని తోటా నిజానికి 1890ల నాటి ఆస్ట్రియా హంగరీ సైన్యానిది, 8x50 మాన్లిషర్. అది పుట్టిన దేశంలోనే ఎప్పుడో మూలపడింది. మన దగ్గర మాత్రం ఇంకా బతికి ఉంది. 303 సైన్యం తోటా కాబట్టి మామూలు పౌరులకు నిషేధం. అందుకే అదే బోల్టు మీద వేరే బోర్‌తో రైఫిల్ చేసి అమ్మారు. ఇలాంటిది అంతకు ముందూ జరిగింది. 1907లో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలోకి 450 బోర్ రానివ్వకపోతే, ఇంగ్లండ్ తుపాకి కంపెనీలు 465, 470 లాంటి కొత్త బోర్లు తయారుచేశాయి.

రాజోలు వైపు మా మావయ్య దగ్గర 500 ఎక్స్‌ప్రెస్ ఉంది. పాతకాలపు నల్ల తుపాకిమందు వాడిన రోజుల నాటి రెండు గొట్టాల రైఫిల్. చూస్తే చేతిలోంచి దించబుద్ధి కాదు. "ఒరేయ్ అబ్బాయ్, పేల్చిన తోటాల ఖాళీ కేసులు నాలుగున్నాయి కదా, మందు కూరి వాడుకోలేమా?" అని చాలాసార్లు అడిగాడు. విదేశాల్లో ఇది పెద్ద అభిరుచే. వేరే బోర్ ఇత్తడి కేసులను సాగదీసి, కోసి, మూలపడిన బోర్లకు సరిపడా మలుచుకుంటారు. ఇక్కడ ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తోటాలు తయారుచేయాలంటే దానికి వేరే లైసెన్స్ కావాలి. అది లేకుండా ఇంట్లో చేయడం నేరం. ప్రమాదం కూడా ఉంది. నల్ల తుపాకిమందుకు మాత్రమే పరీక్షించిన గొట్టంలో పొగరాని మందు వేస్తే ఒత్తిడికి గొట్టం చీలిపోవచ్చు. పరీక్ష ముద్రలు గొట్టం కింద ఉంటాయి, ముందు అవి చదవాలి. "వద్దు మావయ్యా, దాన్ని అలాగే ఉండనీ" అనే చెప్పాను, ఇప్పటికీ అదే చెబుతాను.

నా 315 కేసులను కూడా మళ్ళీ నింపడం తేలిక కాదు. నాకు దొరికిన కేఎఫ్ (కిర్కీ ఫ్యాక్టరీ) ముద్ర తోటాలన్నీ బెర్డాన్ రకం ప్రైమర్‌వి. ప్రైమర్ అంటే తోటా అడుగున ఉండి మందుకు నిప్పంటించే చిన్న మూత. ఆ కేసుల అడుగున నడిమధ్య ఒక రంధ్రానికి బదులు పక్కపక్కన రెండు చిన్న రంధ్రాలుంటాయి కనుక, మామూలు సూదితో పాత ప్రైమర్‌ని పొడిచి తీయడం కుదరదు. అందుకే కొత్త తోటాలే కొంటాను. లైసెన్స్ పుస్తకంలో రాసిన సంఖ్యకు మించి ఇవ్వరు, కొన్నవి అందులో ఎక్కించాలి. దుకాణంలో స్టాకు ఎప్పుడూ ఉండదు. వచ్చిందని తెలిస్తే వెంటనే వెళ్ళాలి.

తోటా నాణ్యత ఫరవాలేదు. 244 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్, భుజానికి గట్టిగానే తగులుతుంది. షూటింగ్ రేంజ్‌లో అనుమతి దొరికినప్పుడు 100 గజాల దగ్గర నన్ను నిరాశపరచలేదు. పాత స్టాకులో మాత్రం ఒక్కోసారి ట్రిగ్గర్ నొక్కాక క్షణం ఆలస్యంగా పేలుతుంది. అప్పుడు టెన్షన్‌లో బోల్టు తీయకూడదు, గొట్టం లక్ష్యం వైపే ఉంచి అర నిమిషమైనా ఆగాలి.

మా ప్రాంతంలో అసలు శత్రువు తుప్పు. పాత తరహా ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. పేలాక అది ఉప్పుగా మారి గొట్టం లోపల అంటుకుంటుంది, గాలిలో తేమను లాగుతుంది. చుట్టూ కాలవలు, కొబ్బరితోటలు, సముద్రపు గాలి ఉన్న చోట రాత్రికి రాత్రే ఎర్రబారుతుంది. నూనె రాసి ఊరుకుంటే లాభం లేదు, ఆ ఉప్పు నూనెలో కరగదు. బాగా కాగిన నీళ్ళు గొట్టంలో పోసి, పొడిగుడ్డ లాగి, వేడికి పూర్తిగా ఆరాక అప్పుడు తుపాకి నూనె రాయాలి. మర్నాడు మరోసారి గుడ్డ లాగి చూడాలి. నాన్నగారు నేర్పిన ఈ పద్ధతి వల్లే ఇప్పటికీ గొట్టంలో మెలికల గాట్లు మెరుస్తూ కనిపిస్తాయి. ఇంకోమాట, తోలు సంచిలో దాచవద్దు. వర్షాకాలంలో తోలు చెమ్మ పీల్చి ఇనుముకే అంటిస్తుంది. నూనెగుడ్డతో తుడిచి, గాలి తగిలే బీరువాలో తాళం వేసి పెడుతున్నాను.

కొత్తగా తీసుకోవాలా అని అడిగితే, చేతికి వస్తున్న పాత 315 అయితే గొట్టం లోపల చూసి తీసుకోవచ్చు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట ఆలోచన పెట్టుకోకూడదు, రేంజ్ కోసం, జ్ఞాపకం కోసం అనుకుంటేనే తీసుకోండి. 2019 సవరణతో ఒక్కొక్కరికి రెండు ఆయుధాలే పరిమితి, లైసెన్స్ గడువు ఐదేళ్ళు. ఆ రెండింటిలో ఒకటి తోటా దొరకని బోర్‌కు కేటాయించాలా అన్నది ముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. మావయ్య మాత్రం తన 500ని వదులుకోనన్నాడు, రెన్యువల్‌కి కాగితాలు సర్దుతున్నాడు.