పసుపు క్యాప్సూల్: లేబుల్ మీద లేని ముచ్చట

మాది ఆర్మూర్ దగ్గర పసుపు పండించే ఇల్లు. కొమ్ములు ఉడికే రోజుల్లో ఊరంతా ఒకటే వాసన, అందులోనే పెరిగాను. అలాంటిది అమ్మ మోకాళ్ల నొప్పులకు 899 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో కర్క్యుమిన్ (పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం) క్యాప్సూల్స్ తెప్పించాను. సీసాలో 60, రోజుకు రెండు.

ఒకటి విప్పి చూశాను. నారింజ రంగు పొడి. నాలుక మీద వేసుకుంటే కాస్త చేదు, తర్వాత మిరియం ఘాటు. పసుపు వాసన మాత్రం దాదాపు లేదు.

ఒక్కో దాంట్లో 500 మి.గ్రా. సారం, అందులో 95 శాతం కర్క్యుమినాయిడ్లు (కర్క్యుమిన్, దాని కోవలోని పదార్థాలు), పైన 5 మి.గ్రా. పైపరిన్. మామూలు పసుపులో కర్క్యుమిన్ 3 శాతం అటూ ఇటూగా ఉంటుంది. అంటే ఒక్క క్యాప్సూల్‌లో దాదాపు 15 గ్రాముల పసుపులో ఉండేంత కర్క్యుమిన్ ఉన్నట్టు. కూరలో మనం వేసేది చిటికెడు!

పైపరిన్ అంటే మిరియాలకు ఘాటునిచ్చేది. కర్క్యుమిన్ ఒంటికి సరిగా పట్టదు, పేగులూ కాలేయమూ దాన్ని త్వరగా మార్చి బయటికి పంపేస్తాయి. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మి.గ్రా. పైపరిన్ కలిపి మనుషులకు ఇస్తే, ఒంటికి పట్టడం 20 రెట్లు పెరిగింది. ఈ సీసాలోనూ అదే పాళ్లు, నూటికి ఒకటి. తయారీలో శ్రద్ధ ఉందని ఒప్పుకుంటాను. కానీ పైపరిన్ అడ్డుపడేది ఒక్క కర్క్యుమిన్ బయటికి పోకుండానే కాదు, కొన్ని మందులూ త్వరగా బయటికి పోకుండా అడ్డుపడుతుంది. ఆ ముక్క లేబుల్ మీద ఎక్కడా లేదు.

మూడో వారానికి అమ్మ మెట్లు కాస్త తేలిగ్గా ఎక్కింది. ఎంత సంతోషపడ్డానో! అదే వారం ఆమె ముంజేతుల మీద కమిలిన మచ్చలు కనిపించాయి. గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచి రక్తం పలచబడే మాత్ర వాడుతుంది. టెన్షన్‌తో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. కొత్తగా ఏం వాడుతున్నారని ఆయన అడిగితే అమ్మ చెప్పలేదు, నేనే సీసా చూపించాను. "పసుపే కద బిడ్డా, ఏమైతది?" అంది. కర్క్యుమిన్‌కు కూడా రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించే గుణం ఉందని, వెంటనే ఆపమని ఆయన చెప్పారు. రెండు వారాల్లో మచ్చలు పోయాయి.

కంపెనీకి మెయిల్ పెడితే "100 శాతం సహజం, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అని జవాబు. నాకు కోపం వచ్చింది ఇక్కడే. ఇటలీలో 2019లో పసుపు సప్లిమెంట్లు వాడినవాళ్లకు కాలేయ వాపు వచ్చిన కేసులు బయటపడ్డాక లేబుల్ మీద హెచ్చరిక తప్పనిసరి చేశారు. మనకు మాత్రం ఆ ఒక్క లైను ఎందుకు రాయరు?

5కి 2 స్టార్లు, ఆ రెండూ లోపలి సరుక్కి. గుండె మందులు, షుగర్ మందులు వాడేవాళ్లు ఇంట్లో ఉంటే ఆర్డర్ పెట్టే ముందు సీసా ఫొటో మీ డాక్టర్‌కు చూపించండి. మిగిలిన 18 క్యాప్సూల్స్ వాపసు తీసుకోబోమని కంపెనీవాళ్లు చెప్పారు. అమ్మ ఇప్పుడు ఫిజియోథెరపీకి వెళ్తోంది.