ఒకే తోట పినో న్వార్ కోసం విలామెట్ లోయలో

పోర్ట్‌లాండ్ నుంచి నైరుతి దిశగా కారులో గంటసేపు వెళితే ఒరెగాన్ రాష్ట్రపు ద్రాక్షతోటల ప్రాంతం వస్తుంది. హిల్స్‌బరో, బీవర్టన్ పరిసరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ విలామెట్ లోయ కొత్త కాదు. బంధువులు వచ్చినప్పుడు తీసుకువెళ్ళే చోట్లలో ఇదొకటి. మేము మాత్రం ఈసారి కోతల కాలంలో ఒక్క ప్రశ్నతో వెళ్ళాము. పినో న్వార్ అనే ఎర్ర వైన్ ద్రాక్ష రకం ఒకటే, తయారీదారు ఒకరే, సంవత్సరం కూడా ఒకటే అయినప్పుడు, కేవలం తోట మారినందువల్ల వైన్ రుచి మారుతుందా? కాబట్టి ఇక్కడి చోట్ల గురించి నేను చెప్పే మంచిచెడ్డలన్నీ, ఆ తేడాను అతిథికి ఎంత స్పష్టంగా చూపగలిగారన్న దానిమీదే ఆధారపడి ఉన్నాయి.

సీసామీద తోట పేరు ముద్రించాలంటే, అమెరికా నియమాల ప్రకారం, అందులోని ద్రాక్షలో కనీసం 95 శాతం ఆ తోటలోనే పండి ఉండాలి. రకం పేరు వేయడానికి దేశమంతటా 75 శాతం సరిపోతుండగా, ఒరెగాన్ పినో న్వార్‌కు 90 శాతం ఉండాలంటుంది. ఈ పట్టింపు వల్లనే ఇక్కడ తోటల మధ్య పోలికకు అర్థం ఉంది.

అన్నిటికంటే మేలైన అనుభవం మెక్‌మిన్‌విల్ పట్టణంలోని ఐరీ వైన్‌యార్డ్స్‌లో దక్కింది. కొండలు, లోయల దృశ్యాలు ఆశించి వెళ్ళేవారికి ఇది నచ్చకపోవచ్చు. ఒకప్పుడు కోళ్ళ మాంసం శుద్ధిచేసిన పాత కట్టడంలోనే వైనరీ నడుస్తోంది. దీని స్థాపకుడు డేవిడ్ లెట్ 1966లో డండీ కొండలమీద తీగలు నాటేనాటికి, ఈ చల్లని వానల నేలలో పినో న్వార్ పండుతుందని నమ్మినవారు బహు కొద్దిమంది. 1970లో తీసిన మొదటి పంట రంగు మరీ పలచగా ఉండడంతో, పినో న్వార్ అనడానికి మనసొప్పక, ఆయన దానిని ‘ఒరెగాన్ స్ప్రింగ్ వైన్’ పేరుతో అమ్మారు. అదే తోటలోని సౌత్ బ్లాక్ అనే చిన్న మడిలో పండిన 1975 నాటి వైన్, 1980లో ఫ్రాన్స్‌లో అక్కడి వైన్ వ్యాపారి రోబేర్ ద్రువాఁ ఏర్పాటు చేసిన పోటీలో రెండవ స్థానం పొందింది. ఆ కుటుంబమే 1987లో డండీ కొండలలో భూమి కొని డొమేన్ ద్రువాఁ ఒరెగాన్ అనే వైనరీని నెలకొల్పింది.

ఐరీ వారు డండీ కొండలలో వేర్వేరు ఎత్తులలో ఉన్న తమ తోటల పినో న్వార్‌ను విడివిడిగా సీసాలకెత్తుతారు. వాటిని పక్కపక్కన పెట్టుకుని తాగినప్పుడు, దిగువ తోటది చెర్రీ పండు గుణంతో నిండుగానూ, పైతోటది పులుపు మరింత పదునెక్కి సన్నగానూ నాకు తోచింది. ఆ కొండల మట్టి పేరు జోరీ. దాని ఎరుపు చూడగానే తెలంగాణ చల్కా నేలలు గుర్తుకు వస్తాయి, అయితే మన చల్కా ఎక్కువగా గ్రానైట్ రాయి అరిగి ఏర్పడింది కాగా, ఇది అగ్నిపర్వతాల బసాల్టు అరిగి ఏర్పడింది.

దక్షిణాన ఇయోలా-ఎమిటీ కొండలలోని బెతెల్ హైట్స్ వైనరీని కూడా తప్పక చూడమంటాను. తీరపు పర్వతశ్రేణిలో వాన్ డ్యూజర్ అనే సందు ఉంది. వేసవి సాయంత్రాలలో పసిఫిక్ గాలి అందులోంచి నేరుగా ఈ కొండలమీదికి వీస్తుంది. రాత్రులు చల్లబడడం వల్ల పండులో పులుపు నిలుస్తుంది, గాలి తాకిడికి తొక్క కాస్త మందమవుతుంది. ఈ కారణాలు తెలుసుకుని తాగినప్పుడు, ఆ వైన్‌లోని వగరు మాకు లోపంగా కాక ఆ చోటి గుణంగా అర్థమైంది. డొమేన్ ద్రువాఁలో మర్యాద, ఎత్తునుంచి కనిపించే దృశ్యం రెండూ గొప్పవి. పెద్దవారిని తీసుకువెళ్ళేటట్లయితే అక్కడికే వెళ్ళమంటాను.

పేరు చెప్పదలచుకోని ఒక పెద్ద వైనరీలో మాత్రం మాకు అసంతృప్తి మిగిలింది. నాలుగు తోటల వైన్లు పోశారు కానీ, అవి నాలుగు వేర్వేరు సంవత్సరాలవి. ఎండ తేడా ఏదో, నేల తేడా ఏదో ఎవరు మాత్రం విడదీసి చెప్పగలరు? రుసుము తక్కువేమీ కాదు. అందుకే ముందుగా సమయం ఖరారు చేసుకునేటప్పుడే, ఒకే సంవత్సరపు రెండు తోటల వైన్లు పక్కపక్కన పోస్తారా అని అడగడం మంచిది.

తయారీని దగ్గరగా చూసింది ఒక చిన్న వైనరీలో. పినో న్వార్ తొక్క పలుచన, రంగు తక్కువ. మోటుగా వ్యవహరిస్తే చేదు దిగుతుంది. తెల్లవారుజామున చేతులతో కోసిన గుత్తులను మడివారీగా వేర్వేరు తొట్లలో పోసి, కొన్నిటికి కాడలు తీసేసి, కొన్నిటిని కాడలతోనే ఉంచి, పులియడం మొదలయ్యేలోగా కొన్నాళ్ళు చల్లగా నానబెడతారు. పులియడం మొదలయ్యాక తొక్కలన్నీ పైకి తేలి గట్టిగా పేరుకుంటాయి. వాటిని కర్రతో కిందికి నొక్కే పని మాకు అప్పగించారు. నొక్కినప్పుడల్లా ముక్కుకు తగిలే ఘాటు, లోపలినుంచి ఎగసే వేడి అనుభవిస్తే గానీ తెలియవు. ఆ తరువాత 228 లీటర్ల ఓక్ పీపాలలోకి చేరుతుంది. ఒక పీపా అంటే దాదాపు 300 సీసాలు మాత్రమే. ఏ పీపా తోట పేరుతో వెలువడాలి, ఏది సాధారణ మిశ్రమంలో కలవాలి అన్నది నెలల తరబడి రుచి చూశాకే నిర్ణయిస్తారని విన్నప్పుడు, ఆ సీసాల ధర నాకు న్యాయంగానే తోచింది.

బసకు మెక్‌మిన్‌విల్ పట్టణమే మేలు. మూడవ వీధిలోని పాత హోటల్ ఒరెగాన్ 1905 నాటి కట్టడం. కొన్ని గదులకు స్నానాల గది ఉమ్మడి కనుక, గది ఎంచుకునేటప్పుడు చూసుకోవాలి. భోజనశాలలు నడిచి వెళ్ళే దూరంలో ఉండడం ఇక్కడి అసలైన సౌకర్యం. న్యూబర్గ్‌లోని ఆలిసన్ హోటల్ విలాసవంతమైనదే గానీ, పగలంతా తోటలలో గడిపేవారికి అంత ఖర్చు అవసరం లేదని నా అభిప్రాయం. శాకాహారులు ఆ సంగతి ముందే తెలియజేయాలి. రుచి చూసినదంతా మింగకుండా పక్కనున్న పాత్రలో ఉమ్మివేయడం ఇక్కడ తప్పు కాదు. అయినా కారు నడిపే బాధ్యత అద్దె డ్రైవరుకు అప్పగించడమే క్షేమం, ఎందుకంటే కొండదారులలో అప్పటికప్పుడు టాక్సీ దొరకడం కష్టం.

కొనుగోలు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. 2020 సెప్టెంబరులో కార్చిచ్చుల పొగ ఈ లోయను కమ్మేసింది కాబట్టి, ఆ ఏటి ఎర్ర వైన్‌ను రుచి చూడకుండా తీసుకోవద్దు. భారతదేశానికి సుంకం లేకుండా తీసుకువెళ్ళగలిగేది ఒక్కొక్కరికి రెండు లీటర్లే కనుక, రెండు సీసాలు ఎంచుకోవలసి వస్తే, ఒకే వైనరీ ఒకే సంవత్సరంలో రెండు తోటలనుంచి తీసినవి తీసుకుని, ఇంట్లో రెండిటినీ ఒకే పూట తెరవండి.