‘100% మెరినో’ అని అమ్మింది ఆక్రిలిక్: ఊలు కొనేవాళ్లు జాగ్రత్త

ఈ చలికాలానికి స్వెటర్ అల్లుకుందామని ఆన్‌లైన్‌లో ఊలు ఆర్డర్ పెట్టబోతున్నవాళ్లు, డబ్బు పంపే ముందు ఇది చదవండి. ‘100% మెరినో, చేత్తో రంగు వేసినది’ అని, అంటే మెరినో గొర్రెల మెత్తటి ఊలని చెప్పి, ఒక అమ్మకందారు నాకు అంటగట్టింది ఆక్రిలిక్, అంటే ఊలులా కనిపించే కృత్రిమ దారం. వాపసు అడిగితే తీసుకోలేదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. అయినా పేరు కన్నా వాళ్లు మోసం చేసే పద్ధతి తెలియడం ముఖ్యం. ఇవే మాటలు, ఇవే షరతులు ఇంకొన్ని పేజీల్లో కూడా కనిపించాయి.

మేం ఉండేది ఢిల్లీలో. జనవరి రాత్రుళ్లు 5 డిగ్రీల కిందికి కూడా పోతాయి. నా కోసం జడల డిజైన్‌తో మందపాటి కార్డిగన్ ఒకటి అల్లుకుంటున్నాను. కులూ నుంచి తెచ్చి ఏళ్లుగా దాచుకున్న ముదురాకుపచ్చ ఊలు వీపుకీ, ముందు రెండు భాగాలకీ సరిపోయింది. జడలకి ఊలు బాగా పడుతుంది. కుట్లు ఒకదాని మీదుగా ఒకటి దాటేటప్పుడు అల్లిక లోపలికి లాక్కుంటుంది. అదే వెడల్పు రావాలంటే కుట్లు ఎక్కువ వెయ్యాలి. సాదా అల్లిక కన్నా నాలుగో వంతు దాకా ఎక్కువే పట్టొచ్చు. దాంతో చేతులకీ, బొత్తాల పట్టీకీ కొత్త ఊలు కొనాల్సి వచ్చింది. పాత రంగుకి జోడీ వెతకడం దండగ. షేడ్ నంబర్ ఒకటే అయినా డై లాట్, అంటే ఒకేసారి రంగు వేసిన విడత, మారితే ఎండలో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే బూడిద రంగు ఎంచుకున్నాను. 100 గ్రాముల హ్యాంకు (ఉండ చుట్టకుండా ముడేసి అమ్మే ఊలు చుట్ట) 650 రూపాయలు. డబ్బు యూపీఐలో ముందే పంపమన్నారు.

పార్సిల్ వచ్చింది. పేజీలో పెట్టిన ఫొటోల్లో హ్యాంకుకి అచ్చువేసిన లేబుల్, దాని మీద అసలు ఊలని తెలిపే ఊల్‌మార్క్ గుర్తు ఉన్నాయి. నాకొచ్చిన వాటికి పెన్నుతో రంగు పేరు రాసిన చీటీ తప్ప ఏమీ లేదు. వంటింటి తూకం మీద పెడితే ఒక్కటీ వంద గ్రాములు తూగలేదు. ముట్టుకుంటే మాత్రం మెత్తగా, నున్నగా ఉంది. ఈ మెత్తదనాన్ని చూసే చాలామంది నమ్మేస్తారు. మంచి ఆక్రిలిక్ కూడా అంతే మెత్తగా ఉంటుంది.

చివర జానెడు పోగు కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద కొవ్వొత్తి మంటకి అందించాను. అసలు ఊలు నెమ్మదిగా అంటుకుంటుంది, మంట తీయగానే ఆరిపోతుంది, వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలిన మసి వేళ్ల మధ్య నలిపితే పొడైపోతుంది. నా పాత ఆకుపచ్చ పోగు అచ్చం అలాగే కాలింది. ఈ కొత్త బూడిద రంగు పోగు భగ్గున అంటుకుంది, నల్లటి పొగ లేచింది, కరిగి పళ్లెం మీద బొట్టుగా పడింది. చల్లారాక గోటితో నొక్కితే ఆ నల్ల పూస కొంచెం కూడా నలగలేదు.

కలగాపులగం ఊలేమో అన్న అనుమానం ఉంటే బ్లీచ్ పరీక్ష ఇంకా స్పష్టం. గాజు గ్లాసులో సోడియం హైపోక్లోరైట్ ఉన్న ద్రవ బ్లీచ్, అంటే బట్టల తెలుపుకి వాడేది, నీళ్లు కలపకుండా పోసి రెండు రకాల పోగులూ వేర్వేరుగా వెయ్యండి. ఊలు ప్రోటీన్ కాబట్టి బుడగలు వచ్చి కాసేపటికి కరగడం మొదలవుతుంది. ఆక్రిలిక్ కరగదు. మా ఇంట్లో ఆకుపచ్చ పోగు పూర్తిగా మాయమైపోయింది, బూడిద పోగు వేసింది వేసినట్టే ఉంది. కిటికీ తెరిచి చెయ్యండి, చేతికి గ్లవుజు వేసుకోండి. ఆ బ్లీచ్‌ని బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో పొరపాటున కూడా కలపకండి, విషవాయువు వస్తుంది.

ఫొటోలు, వీడియో పంపితే వచ్చిన జవాబు: “మేడమ్, హ్యాంకు విప్పారు, పోగు కోశారు, రిటర్న్ లేదు.” అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. పోగు కోయకపోతే అది ఊలో కాదో తేలదు, కోస్తే వాపసు ఉండదు. నేను గట్టిగా అడిగాక నా నంబర్ బ్లాక్ చేశారు. ఆ తర్వాత పేజీలో ‘100% మెరినో’ తీసేసి ‘మెరినో సాఫ్ట్’ అని మార్చారు. ఆర్డర్ పెట్టిన రోజే స్క్రీన్‌షాట్ తీసి ఉంచడం వల్ల నా దగ్గర రుజువు మిగిలింది. ‘మెరినో సాఫ్ట్’, ‘మెరినో టచ్’ లాంటి మాటలు దారంలో ఏముందో చెప్పవు. ‘క్యాష్మిలాన్’ అంటే ఆక్రిలిక్కే.

ఆక్రిలిక్ మీద నాకు కోపం లేదు. పసిపిల్లల టోపీలకి, మెషీన్‌లో ఉతికేవాటికి నేనే వాడతాను. కానీ ఒకే కార్డిగన్‌లో ఒంటికి ఊలు, చేతులకి ఆక్రిలిక్ అయితే మొత్తం పాడవుతుంది. ఊలు అల్లికని తడిపి, పరిచి, పిన్నులు పెట్టి ఆరబెడితే జడలు తేరుకుని ఆ ఆకారంలో నిలుస్తాయి. ఆక్రిలిక్‌కి నీళ్లు అంతగా పనిచెయ్యవు, పిన్నులు తీయగానే చాలావరకు మళ్లీ ముడుచుకుంటుంది. పోనీ అని ఆవిరి ఎక్కువ పట్టిస్తే పోగు జీవం పోయి సాగిపోతుంది, ఎత్తుగా నిలబడాల్సిన జడ అణిగిపోతుంది, ఇక తిరిగి రాదు. పైగా ఊలు తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా ఒంటికి తడిగా అనిపించదు. ఢిల్లీ పొగమంచులో ఆ తేడా బాగా తెలుస్తుంది. 650 రూపాయలు పెట్టింది అందుకే కదా.

కొనేటప్పుడు ‘పరీక్షకి జానెడు పోగు పంపుతారా’ అని అడగండి. నిజంగా ఊలు అమ్మేవాళ్లకి అది పెద్ద పని కాదు. తప్పించుకుంటుంటే అక్కడితో వదిలేయండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, అందులోనే తూకం కూడా చూపించండి. హ్యాంకు ముడి విప్పకుండానే చివరి కొస దొరుకుతుంది, దాన్నుంచే కొంచెం కోసి చూడండి. ఉండ చుట్టడం ఆ తర్వాతే.

ఇప్పటికే మోసపోయినవాళ్లు 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువుని వాపసు తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. ‘నో రిటర్న్’ అని పేజీలో రాసుకున్నంత మాత్రాన ఆ బాధ్యత పోదు. నేను స్క్రీన్‌షాట్లు, యూపీఐ రసీదు, కాల్చిన వీడియో అన్నీ జతచేశాను. డబ్బు ఇంకా రాలేదు. ఏం తేలినా ఇక్కడే రాస్తాను.

మీలో ఎవరి దగ్గరైనా నిజమైన ఊలు, 5 మిల్లీమీటర్ల సూదులకి సరిపోయే మందం, బూడిద రంగులో 300 గ్రాములు మిగిలి ఉంటే చెప్పండి, కొనుక్కుంటాను. కాల్చి చూడటానికి జానెడు ముక్క మాత్రం ముందు పంపాలి.